సంచిలో పట్టే పడవ

మడత పడవను నేను మొదట చూసింది రాజమండ్రి ఘాట్‌లో. ఎక్కడినుంచో వచ్చిన ఇద్దరు యాత్రికులు వీపు మీది సంచులు దించి, అల్యూమినియం కడ్డీలు ఒకదాన్లో ఒకటి గుచ్చి, వాటికి దళసరి గుడ్డ తొడిగి, చూస్తుండగానే పడవ చేసుకుని గోదాట్లోకి వెళ్లిపోయారు. మెట్ల మీద కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. నాన్న గుర్తొచ్చాడు.

నాన్న నరసాపురం దగ్గర గోదావరిలో చేపలు పట్టి నన్ను టీచర్ని చేసిన మనిషి. చేపల లారీ మీంచి పడి నడుము దెబ్బతిన్నాక కాళ్లు పనిచెయ్యలేదు. చేతులకేమీ కాలేదు, అదే ఇంకా ఘోరం. మంచం పట్టెని ఊరికే పిసుకుతూ ఉండేవాడు. తోటివాళ్లు వచ్చి, ఎత్తుకెళ్లి నావలో కూర్చోబెడతామనేవారు. "నలుగురు మొయ్యాల్సింది ఒక్కసారే. అప్పుడు మొయ్యండి" అని పంపేసేవాడు. మా నావల అంచులు ఎత్తు, మొయ్యకుండా ఎక్కించడం కుదరదు. ఈ గుడ్డ పడవ అంచు మూరెడు కూడా లేదు. ఒడ్డున చేతుల మీద జరుగుతూ వెళ్లి తనంతట తనే కూర్చోవచ్చు. నాన్న ఒక్కసారి మళ్లీ తెడ్డు వెయ్యాలి. నేను కోరుకున్నది అంతే.

ఇద్దరు కూర్చునేది తెప్పించి, బస్సులో వేసుకుని ఊరు తీసుకెళ్లాను. నాన్న సంచి తట్టి చూశాడు.

"పడవేంటే, పరుపులా చుట్టుకొచ్చావు?"

"ఎక్కి చూసి మాట్లాడు నాన్నా."

"ఎక్కుతాలే. మనిద్దరం మునిగితే మీ బళ్లో పిల్లలు పండగ చేసుకుంటారు."

మర్నాడు పొద్దున్నే మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు. ఎన్నాళ్లకో!

చక్రాల కుర్చీలో రేవుకి తీసుకెళ్లాం. ఒడ్డునే పడవ బిగించాను. కొత్త పడవ నీళ్లు తాకేముందు గంగమ్మకి మొక్కడం మా వాళ్ల ఆచారం. ఇంటి ఇల్లాలు పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని మీదే కర్పూరం వెలిగిస్తుంది. చెక్క పడవకైతే కాస్త మసి అంటుతుంది, కడిగితే పోతుంది. అమ్మ చేతికి అదే అలవాటు. కొబ్బరికాయ కొట్టడానికి నేను రాయి వెతుక్కుని వచ్చేలోగా కర్పూరం బిళ్లలు గుడ్డ మీదే పెట్టి వెలిగించేసింది. గుడ్డ కరిగి, ముడుచుకుని, పిడికిలంత చిల్లు పడింది. అమ్మ కంగారుగా కొంగుతో అదిమింది. వేళ్లు కాలాయి.

"మొదటి హారతికే కాలిందండీ. గంగమ్మ తల్లి వద్దంటోంది" అన్నారు చూడ్డానికి చేరినవాళ్లలో ఎవరో.

నాకు ఒళ్లు మండింది. అతుకు ముక్క, జిగురు సంచిలోనే ఉన్నాయి. అతికించి, ఆరాక నీళ్లు పోసి చూపించాను. చుక్క కారలేదు. నాన్న తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను. ఆఖరికి, "నీక్కూడా ఈ పిచ్చి నమ్మకాలేంటి నాన్నా?" అని అందరిముందూ అరిచాను.

అమ్మ పళ్లెం కడగడానికి అవతలికి వెళ్లాక నాన్న గొంతు తగ్గించాడు.

"గంగమ్మంటే నాకు భయమేంటే? పుట్టినకాణ్ణించీ ఆవిడ ఒళ్లోనే ఉన్నాను. ఇదెక్కాక నాకేదన్నా అయిందనుకో, జొరమే వచ్చిందనుకో, మీ అమ్మ చేత్తో పడవ కాలబట్టే అంటారు. దాన్ని బతికినన్నాళ్లూ పొడుచుకు తింటారు. మడిచెయ్యమ్మా. ఈ మాట దానికి చెప్పకు. ఏడుస్తా ఎక్కమంటది."

మడిచేశాను. సెలవులకి వెళ్లినప్పుడల్లా అడిగాను. అదే తల ఊపడం. నాన్నకి తన మీద కోపమని అమ్మ అనుకుంది. అన్నం పెడుతూ ఆయన మొహం వంక దొంగచూపులు చూసేది. చూస్తూ నోరు మూసుకోవడం నా వంతు. నాన్న చేతులు కూడా సన్నబడిపోయాయి. ఇంక అడగడానికి ఏమీ లేదని తెలిసి అడగడం మానేశాను.

ఈ వానాకాలంలో మంచంలోనే పోయాడు. పడవ ఒక్కసారీ గోదాట్లో దిగలేదు.

పలకరింపుకొచ్చిన ఆడవాళ్లు అమ్మ చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ ముక్కు చీదుకుంటూ, "హారతికి పడవ కాలిన రోజే అనుకున్నాం వదినా. నీ చేతుల మీదే కీడు జరిగిపోయింది" అంది.

"ఆయన అసలు ఎక్కనే లేదండీ! అమ్మని ఎవరూ ఏమీ అనకూడదనే ఎక్కలేదు!" అని అరిచాను.

అమ్మ నావైపు చూడలేదు. ఆవిడ మాటకే, అవునన్నట్టు తలూపింది.