బొచ్చుకాళ్ల పెట్ట

మా పిన్ని వేడిని చేతి వెనకవైపుతో చూస్తుంది. ఇస్త్రీ దుకాణంలో పనిచేసేవాళ్లలో కొందరు ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరిస్తారు, కొందరు తడివేలు తగిలించి తీసేస్తారు. పిన్ని అలా చెయ్యదు. చేతిని తిరగేసి కాస్త ఎడంగా పెట్టి ఆగుతుంది. "పట్టుకి సరిపోతుంది" అనో, "నూలుకి ఇంకాసేపు ఆగాలి" అనో అంటుంది. ఇంటికి వచ్చాక కోడిపిల్లల అట్టపెట్టెలో వేలాడే బల్బు కింద కూడా చెయ్యి అలాగే పెడుతుంది.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అమ్మ, అమ్మ చెల్లెలు పిన్ని, నేను. రెండు గదులు, వెనక రేకుల వసారా. వసారా అంతా పిన్ని కోళ్లదే. బడి మానేసిన దగ్గర్నుంచి నేను పొద్దున పిన్నితో దుకాణానికి వెళ్లి బట్టలు మడత పెడతాను, మధ్యాహ్నం నుంచి వసారాలో ఉంటాను. పిల్లల్ని ఎలా చూడాలో పిన్ని నాకు అక్కడే చెప్పింది.

"బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పగా చేరాయనుకో, చలేస్తోందన్నమాట. గోడలకి అంటుకుపోయి నోళ్లు తెరిచాయా, ఉడికిపోతున్నాయి. అక్కడొకటి, ఇక్కడొకటి, తినేవి తింటూ, తూగేవి తూగుతూ ఉన్నాయనుకో, మనం హాయిగా మన పని చూసుకోవచ్చు."

కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనీ చేతిలోకి తీసుకుని దాని ముక్కు నీళ్లలో ముంచుతుంది. ఒకసారి ముంచితే నీళ్లంటే ఏమిటో దానికి తెలుస్తుంది. వెనకవైపు రెట్ట ఎండి అంటుకుపోతే గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, లాగకుండా నానబెట్టి తుడుస్తుంది. అది చూసినప్పుడల్లా అమ్మ ఊరుకోదు.

"నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా చూసుకున్నావటే?"

"నీకూ అలా అంటుకుపోయిన రోజున చెప్పక్కా, చూసుకుంటాను."

పిన్ని కోళ్లకి జాతి ఏమీ లేదు. నలుపు, ఎరుపు, పసుపు అన్నీ కలిసిపోయిన కోళ్లు. వాటిలో పెద్ద పెట్ట పేరు బొంత, పాతచీర ముక్కలన్నీ కలిపి కుట్టినట్టు ఉంటుంది కాబట్టి. ఎవరి గుడ్లు పెట్టినా పొదుగుతుంది, ఎవరి పిల్లలనైనా తనవే అనుకుంటుంది. వాటన్నిటినీ పిన్ని బాగానే చూసుకునేది. కానీ ఆమె మనసులో ఉన్న కోడి మాత్రం వేరు.

ఒకరోజు దుకాణంలో దుప్పటి చెరో కొసా పట్టుకుని మడుస్తూ, నావైపు చూడకుండా చెప్పింది. పిన్నికి వాళ్లమ్మ ముఖం గుర్తు లేదట. అమ్మమ్మ పోయేనాటికి పిన్నికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. ఫొటో ఒక్కటీ లేదు. గుర్తున్నది ఒక పెట్ట. బూడిదరంగు మీద తెల్లని చుక్కలు. వేళ్ల దాకా ఈకలు, కాళ్లకి మేజోళ్లు తొడిగినట్టు. గుడ్ల మీద కూర్చుని ఉంది. దాని పొట్ట కిందికి ఒక చెయ్యి నెమ్మదిగా వెళ్లింది. పెట్ట ఒళ్లు పొంగించి గుర్రుమంది. చెయ్యి బయటికి వచ్చి తెరుచుకుంది. అందులో ఇంకా తడి ఆరని కోడిపిల్ల.

"అంతే. మణికట్టు దాకా కనిపిస్తుంది. ఆ పైన ఏమీ లేదు," అంది పిన్ని. "అలాంటి పెట్ట మళ్లీ నా కళ్లముందు అలా కూర్చుంటే, మిగతాది కూడా వస్తుందేమో అనిపిస్తుంది."

నేను దుప్పటి కొస ఆమె చేతికి అందించాను. ఇంటికి వచ్చి ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ అమ్మకి అది తెలియనిదేం కాదని అప్పటికే గమనించాను. ఆ పెట్ట సంగతి వచ్చిందంటే చాలు, అమ్మకి ఏదో పని గుర్తొచ్చేది. "ఆ కోళ్లా? పొడిచి చంపేవి," అని లేచి లోపలికి వెళ్లిపోయేది.

దుకాణానికి చొక్కాలు వేసే గడియారాలాయన ఒకడున్నాడు. వీధి చివర గడియారాలు బాగుచేస్తాడు. ఒకరోజు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే పిన్ని చెయ్యి ఆగిపోయింది. జేబులో ఒక ఈక. బూడిదరంగు, తెల్లని చుక్కలు. ఆయన వచ్చేదాకా పిన్ని ఆ ఈకని రవికలో దాచుకుంది.

"ఇది ఎక్కడిదండీ?"

"అయ్యో, మళ్లీ జేబులో ఉండిపోయిందా? మా డాబా మీద జాతికోళ్లు ఉన్నాయమ్మా. చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. మా ఆవిడ నాకంటే వాటికే ముందు తిండి పెడుతుంది. కావాలంటే వచ్చి చూడండి, చూస్తే పోయేదేముంది?"

ఇంట్లో వాదం మొదలైంది. ఆ కోళ్లలో ఒక పిల్లని కొనే డబ్బుకి మామూలు పిల్లలు గంపెడు వస్తాయి.

"గుడ్డు గుడ్డే కదే! జాతిగుడ్డు పగలగొడితే అందులో రెండు సొనలు ఉంటాయా?" అంది అమ్మ.

"గుడ్ల కోసం కాదక్కా."

"మాంసం కోసం కాదు, గుడ్ల కోసం కాదు. మరి దేనికి, పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పడానికా? అంత పోసి తెచ్చాక ఒక్క పిల్లి చాలు, నీ సరదా తీర్చడానికి."

"పిల్లి రాకుండా నేను చూసుకుంటా."

"చూసుకుంటావులే. దుకాణం మానేసి కర్ర పట్టుకుని కూర్చుంటావు."

అమ్మ నవ్వుతూనే అంది. కానీ చేతిలోని గిన్నెని అవసరానికి మించి తోముతూనే ఉంది.

గడియారాలాయన డాబాకి నన్ను తోడు తీసుకెళ్లింది పిన్ని. మెట్లు ఎక్కేటప్పుడు గబగబా ఎక్కి, పైన తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల జాలీల వెనక ఆ కోళ్లే. అదే బూడిదరంగు, అవే చుక్కలు. నడుస్తుంటే కాళ్ల ఈకలు నేలని ఊడుస్తున్నాయి. పిన్ని జాలీలో వేళ్లు పెట్టి నిలబడింది. తర్వాత గూళ్లవైపు చూసింది.

"పొదిగే పెట్ట ఏదండీ?"

"ఇవి పొదగవమ్మా."

"అంటే?"

"తరతరాలుగా గుడ్లు పొదిగే మిషన్లోనే పుట్టాయి. కూర్చునే పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కదా, అందుకని కూర్చోనివాటినే ఏరి ఏరి పెంచారు. ఆ బుద్ధి వీటిలోంచి పోయింది. గుడ్డు పెడుతుంది, దిగిపోతుంది. రంగు చూడండి, కాలు చూడండి, ఒక్క వంక పెట్టలేరు."

"కొనొచ్చంటారా?"

ఆయన నిజాయితీగానే చెప్పాడు. "అమ్ముకుని లాభం చూద్దామనుకుంటే వద్దమ్మా. చూసి మురిసిపోదామనుకుంటే కొనుక్కోండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మీ కోళ్లతో కలవనివ్వకండి. ఒక్కసారి కలిస్తే ఇక జాతి అనేది ఉండదు."

కొనకుండా వచ్చేస్తుందనుకున్నాను. దిగేటప్పుడు పిన్ని చేతిలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె ఉంది. లోపల కిచకిచలు. వీధిలో నడుస్తూ నాతో అంది: "మన బొంత దగ్గర పెరిగితే నేర్చుకుంటాయే. తల్లి లేక కదా వాటికి రానిది! చూస్తే రాకుండా ఎక్కడికి పోతుంది?"

అప్పటికి బొంత గుడ్ల మీద కూర్చుని ఉంది. వెలుగు తగ్గాక పిన్ని ఒక్కొక్క పిల్లనీ దాని రెక్క కిందికి తోసి, ఒక్కొక్క గుడ్డునీ తీసేసింది. బొంత మెడ తిప్పి చూసి, రెండుసార్లు కొక్కొక్కుమని రెక్కలు వెడల్పు చేసింది.

"దొరల పిల్లల్ని తెచ్చి దాని ఒళ్లో పోశావు. అది మాత్రం ఏం తెలిసి పెంచుతుంది!" అంది అమ్మ.

బాగానే పెంచింది. పురుగుని ముక్కుతో పట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చేవి. గద్ద నీడ పడితే దాని కిందికి దూరేవి. వాటిలో ఒకటి పుంజు, మిగతావి పెట్టలు. వాటికి పిన్ని జాలీతో వేరే గది కట్టింది. పెట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

అప్పటినుంచి పిన్ని మారిపోయింది. గుడ్డు ఒక పూట కూడా గూట్లో ఉండకూడదని నన్ను తిట్టే మనిషి, ఆ పెట్టల గుడ్లు మాత్రం తియ్యనిచ్చేది కాదు. గూడు నిండితే పెట్టకి కూర్చోవాలనిపిస్తుందని ఆశ. ముక్కాలిపీట వేసుకుని జాలీకి ఎదురుగా కూర్చునేది. పెట్ట గూట్లోకి ఎక్కుతుంది. పిన్ని ఊపిరి బిగబడుతుంది. పెట్ట గుడ్డు పెట్టి, వీధంతా వినపడేలా ఒకటే గోల చేసి, దిగి, మట్టిలో దొర్లడానికి పోతుంది. ఒకటి కాదు, అన్నీ అంతే. గుడ్లు కుళ్లిపోయేవి. పిన్ని చూడనప్పుడు నేను తీసుకెళ్లి దూరంగా పాతిపెట్టేదాన్ని.

కోళ్లు ముచ్చటగా ఉన్నాయని విని జనం చూడ్డానికి వచ్చేవాళ్లు. "కొనొచ్చా? అంత ధర పెట్టొచ్చంటారా?" అని అడిగేవాళ్లు. పిన్ని నావైపు చూసేది. నేను నీళ్ల గిన్నె కడగడానికి వెళ్లిపోయేదాన్ని.

"ఇచ్చెయ్యవే వాటిని," అంది అమ్మ ఒక సాయంత్రం.

"నిన్నేం చేశాయక్కా అవి?"

"నన్నేం చెయ్యలేదు. నువ్వు ఆ పీట మీద అలా కూర్చుంటే చూడలేకపోతున్నాను."

ఈలోగా పుంజు ఊరుకోలేదు. రోజూ మేము దుకాణం నుంచి వచ్చేసరికి జాలీ మీదినుంచి ఎగిరి బొంత పక్కన రాజాలా నిలబడి ఉండేది. పిన్ని జాలీ ఎత్తు పెంచింది, అది ఇంకా ఎత్తుకి ఎగిరింది. ఆ తర్వాత బొంత పొదిగిన పిల్లల్లో కొన్ని బూడిదరంగులో వచ్చాయి. గడియారాలాయన చూసి తల పట్టుకున్నాడు.

"చెప్పాను కదమ్మా! పాడైపోయింది. ఇవి ఇటు జాతీ కావు, అటు నాటువీ కావు. వీటిని ఎవరికి చూపిస్తారు?"

ఆ పిల్లల్లో ఒకటి పెట్ట అయింది. బూడిదరంగు, చుక్కలు కాస్త చెదిరి ఉన్నాయి. కాళ్లకి ఈకలు ఉన్నాయి కానీ ఒక కాలికి పలచన, మేజోడు జారిపోయినట్టు. పెద్దదై కొన్నాళ్లు గుడ్లు పెట్టింది. ఒక మధ్యాహ్నం పిన్ని నూకలు వేసి పిలిస్తే గూట్లోంచి దిగలేదు. దగ్గరికి వెళ్తే ఒళ్లు రెండింతలు పొంగించి గుర్రుమంది.

పిన్ని వెనక్కి వచ్చి చేతులు కడుక్కుంది. ఆ చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

అది గుడ్ల మీద కూర్చున్నన్నాళ్లూ పిన్ని దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. గుడ్లు చిట్లిన రోజున దుకాణానికి వెళ్లలేదు, నన్నూ వెళ్లనివ్వలేదు. అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని గూటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి నెమ్మదిగా పెట్ట పొట్ట కిందికి పోనిచ్చింది. పెట్ట మణికట్టు మీద పొడిచింది. పిన్ని చెయ్యి లాక్కోలేదు. బయటికి తీసి తెరిస్తే అందులో తడి ఆరని పిల్ల. పిన్ని దాన్ని చూడ్డం లేదు. తన మణికట్టునీ, ఆ పైన మోచేతినీ, తన భుజాన్నీ చూస్తోంది. ఎంతసేపు చూసినా అక్కడున్నది తన పాత రవికే.

"రాలేదక్కా," అంది. "ఏమీ రాలేదు."

అమ్మ గుమ్మంలోంచి కదిలి వచ్చి ఆమె పక్కన మట్టిలో కూలబడింది. పిల్లని ఆమె చేతిలోంచి తీసుకుని పెట్ట కిందికి తోసేసింది.

"రాదే. ఆ చెయ్యి అమ్మది కాదు."

"మరి?"

"నాది."

పిన్ని అమ్మ చేతులవైపు చూసింది. అవి ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి.

"అమ్మకి కోళ్లంటే చచ్చేంత భయం. గూటి దగ్గరికి వచ్చేదే కాదు. చెల్లికి పిల్లని చూపించవే అని నన్ను పంపేది. అది పొడిచి పొడిచి పెట్టేది నన్ను."

"అమ్మ ఎక్కడుంది అప్పుడు?"

"ఇంకెక్కడ? నిన్నెత్తుకుని నిలబడింది. కిందికి దించితే కోడి పొడుస్తుందని దించేదే కాదు. నువ్వు అమ్మ చంకలో ఉండి కోడిని చూశావు. ఆవిడ ముఖం నీకెలా కనపడుతుందే?"

పెట్ట కింద పిల్లలు సన్నగా అరుస్తున్నాయి.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నీ దగ్గరున్నది అదొక్కటే. అది కూడా నాదేనని ఎలా చెప్పమంటావు?"

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఏ పక్కన ఎత్తుకునేది?" అంది.

"ఎడం పక్క."

"గట్టిగానా?"

"నువ్వు గిలగిల్లాడేంత గట్టిగా."

జాతికోళ్లని పిన్ని గడియారాలాయనకే తిరిగి ఇచ్చేసింది. పుంజుని కూడా. బూడిదరంగు పెట్ట మా దగ్గరే ఉంది, ఇప్పుడు అది బొంతతో పోటీగా పొదుగుతోంది. జనం ఇప్పటికీ వచ్చి, జాతికోళ్లు కొనొచ్చా అని అడుగుతారు. పిన్ని ఇప్పుడు నావైపు చూడదు. "ముందు అవి మీకెందుకో చెప్పండి," అంటుంది. సగంమంది ఆ మాటకే వెనక్కి వెళ్లిపోతారు.

అమ్మని మాత్రం అప్పుడొకటి, ఇప్పుడొకటి అడుగుతూ ఉంటుంది. తల దువ్వుకుంటూ, లేకపోతే నీళ్లు పట్టుకుంటూ. అమ్మమ్మ పొడుగా పొట్టా, నవ్వితే శబ్దం వచ్చేదా, జుట్టు ముడేసేదా జడేసేదా. అమ్మ ఇప్పుడు లేచి వెళ్లిపోదు. తెలిసింది చెబుతుంది.

నిన్న నేను బట్టలు ఆరేస్తుంటే పిన్ని దండెం అవతల నిలబడి అడిగింది. "అక్కా, అలా నన్నెత్తుకున్నప్పుడు నా చెవిలో ఏమైనా అనేదా?"

అమ్మ బకెట్ కింద పెట్టింది. గుర్తు తెచ్చుకోవాలని నిజంగా ప్రయత్నించింది, నాకు ఆమె ముఖం కనిపిస్తూనే ఉంది.

"ఏదో అనేదే. అంటూనే ఉండేది. నేను కోడి ఎక్కడ పొడుస్తుందోనని దాన్నే చూస్తుండేదాన్ని. వినలేదు."