తోక ఉన్న అక్షరం

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, కాజీపేట స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన ఒక విదేశీ యువకుడు కాగితం మీద గళ్లు నింపుతూ, చెరిపేస్తూ కూర్చున్నాడు. జంపఖానాలు నేసేవాణ్ణి కదా, నేతకు నక్షా గీస్తున్నాడనుకున్నాను.

"గీ నక్షా ఏ జంపఖానాకు తమ్మీ?"

వరంగల్‌లో చదువుకుంటూ నేర్చిన తెలుగులో నవ్వుతూ చెప్పాడు. "నక్షా కాదన్నా, కంప్యూటర్ల పెట్టేతందుకు అక్షరం. మాది ఈజిప్టు. మా చర్చిల ప్రార్థన కాప్టిక్ భాషల ఉంటది. ఇంట్ల ఎవరూ మాట్లాడరు. నింపిన గడి ఒకటి, ఖాళీ గడి సున్న. గట్ల చెప్తెనే కంప్యూటర్‌కు తెలుస్తది. దీని తోక వంగుతలేదు. తోక లేకుంటె ఇది మా అక్షరమే కాదు."

అప్పటికి నాకు చదవడం, రాయడం రాదు. అయినా పెన్సిల్ తీసుకున్నాను. నెమలి మెడ నేసేటప్పుడు చేసినట్టే, ఒక్కో గడి పక్కకు జరుపుతూ మెట్లు మెట్లుగా నింపాను.

"ఇప్పుడు జర దూరం పోయి చూడు."

కాగితాన్ని బెంచీకి ఆనించి, తలుపు దాకా వెళ్లి చూశాడు. "ష" అని చదివాడు మెల్లగా, ప్రార్థనలో ఉన్నట్టు.

కొన్నేళ్లకు వయోజన విద్య బడిలో చేరాను. పంతులు పలక మీద 'అ' దిద్దించి, "ఇదే నీ మొదటి అక్షరం" అన్నారు.

తలూపాను గానీ, అది రెండోది.