తుపాకీకి తినిపించిన ముద్ద

డోన్ దాటి కొంత దూరం పోతే, నాపరాళ్లు తవ్వుకుని వదిలేసిన పెద్ద గుంత ఒకటి ఉంది. మూడు పక్కలా నిలువు రాతిగోడలు. రాతికి తగిలిన గుండు తిరిగి మన మీదికే వస్తుంది కాబట్టి, ఎదుటి గోడకు ముందు మనిషికి రెండింతల ఎత్తున ఎర్రమట్టి కట్ట పోశారు. బ్యాంకులకు తుపాకీ కాపలాదారుల్ని పంపే కంపెనీ ఒకటి ఆ గుంతలో కాల్పులు నేర్పుతుంది. ఏడేళ్లుగా నా కూడు అక్కడే.

తుపాకీ పట్టే ఉద్యోగం కాదు నాది. పొద్దున్నే ఎర్రజెండా ఎక్కించాలి. కట్ట వెనక మేకలు గానీ, కంపకొట్టుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు గానీ ఉన్నారేమో చుట్టూ తిరిగి చూసి రావాలి. అట్టలకు కాగితాలు అంటించాలి. ఈల ఊదాలి. ఒక ఈలకు కాల్చడం, రెండు ఈలలకు ఆపడం. మా దగ్గరివి రెండు గొట్టాల తుపాకులు, మధ్యలో మడత పడతాయి. మడిస్తే గొట్టాల వెనక భాగం తెరుచుకుని, లోపల తూటా ఉందో లేదో కనబడుతుంది. రెండు ఈలలు పడగానే ప్రతి తుపాకీని మడిచి బల్ల మీద పెట్టి, అందరూ నాలుగడుగులు వెనక్కి జరగాలి. నేను ఒక్కొక్క గొట్టంలో చిటికెన వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. ఆ చివరి నుంచి నేను చెయ్యెత్తాకే ఎవరైనా గీత దాటి అట్టల దగ్గరికి పోవచ్చు.

ఈ పని నాకు నేర్పింది సుబేదారు సారు. పటాలంలో చేసి రిటైరైన కర్నూలు సాయిబు. మీసం మాత్రం ఇంకా రిటైరు కాలేదు. వచ్చిన మొదటి రోజే నా చిటికెన వేలు పట్టుకుని గొట్టంలో దూర్చి, "యే దేఖో, నీకు కండ్లు ఉండాయి, చెవులు ఉండాయి. ఖాళీ అని ఎవుడన్నా చెప్తే ఆ చెవిని నమ్మొద్దు. నువ్వు చూసినా నీ కన్నును నమ్మొద్దు. ఈ వేలు ఒక్కటే నీకు సచ్చా దోస్తు" అన్నాడు.

"మరి ఈ వేలికి కూడా జీతం ఇస్తారా సార్?" అన్నాను.

నవ్వలేదు. పక్కనున్న పదిమంది నవ్వారు. నాకు ఆ పదిమంది చాలు. ఏడో తరగతిలో బడి మానేసిన వాణ్ణి, నాకు వచ్చిన విద్య అదొక్కటే. కొత్తగా వచ్చినవాళ్లకు చెవులకు పెట్టుకునే డిప్పలు ఇస్తూ, "ఇవి ఇంటికి తీసకపోయేటివి కాదప్పా, పెండ్లాం మాట ఎట్లయినా వినాల్సిందే" అనేవాణ్ణి. గుండు దూరి అట్టకు పడిన బెజ్జం ఎంత దూరంగా ఉంటే అంత గట్టిగా, "దొంగ బతికిపొయినాడు, బ్యాంకు మేనేజరు పొయినాడు!" అని అరిచేవాణ్ణి. భయపడుతూ వచ్చిన పల్లెటూరి మనుషులు నవ్వి కుదుటపడేవాళ్లు. చేతి వణుకు తగ్గేది. అది కూడా ఒక సాయమేనని అనుకునేవాణ్ణి.

ఇప్పటికి నాలుగు దసరాల కిందట, ఆయుధపూజ రోజున తుపాకుల్ని వరసగా నిలబెట్టి కుంకుమ పెట్టారు. మడత పెడితే దండ నిలవదని మూసి నిలబెట్టారు. మాది తాతల నాటి నుంచి చర్చి ఇల్లు. పూజ జోలికి నేను పోను, బొరుగులూ కొబ్బరీ పంచేటప్పుడు మాత్రం అందరికంటే ముందుంటాను. ఆ రోజు ఊరికే ఉండలేక, కాల్చి పారేసిన ఖాళీ తూటా తొడుగొకటి తెచ్చి ఒక తుపాకీలో పెట్టి, "కడుపు ఖాళీగా పూజ చేస్తే దానికి ఆకలి కాదేమప్పా? ఒక ముద్ద పెట్టండి" అన్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నేనే తీసి పారేశాను. అంతటితో అయిపోవాల్సింది.

మరుసటి ఏటికి ఆ నవ్వినవాళ్లు ఒక్కరూ లేరు. శిక్షణ అయిపోయి ఎవరి బ్యాంకు గేటుకు వాళ్లు పోయారు. తుపాకుల గది చూసే పెద్దాయన కూడా కొత్తగా వచ్చాడు. భక్తిపరుడు, ఆలూరు దగ్గరి పల్లె. పూజకు ముందు నన్ను పిలిచి, "ఏమప్పా, ఈడ పద్ధతి ఎట్లుండాది? నేను కొత్త కదా" అని అడిగాడు.

అంత నమ్మకంగా అడిగిన మనిషిని చూస్తే నాలో నవ్వించేవాడు ఊరుకుంటాడా? ముఖం గంభీరంగా పెట్టి, "కడుపు ఖాళీగా పెట్టరాదన్నా. తూటా పెట్టి పూజ చేసేది ఈడ ముందునుంచీ ఉండాది" అన్నాను. ఆయన నవ్వుతాడనీ, నేనూ నవ్వి అసలు సంగతి చెబుతాననీ అనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఖాళీ తొడుగులు తెచ్చి ఇస్తే నొచ్చుకున్నాడు కూడా. "దేవుని ముందర ఉత్త ఇస్తరాకు పరుస్తారేమప్పా ఎవురన్నా?" అని, పెట్టె తెరిచి అసలు తూటాలే ఒక్కొక్కటి దూర్చాడు.

ఆపుదామని ఒక అడుగు వేశాను. కానీ ఆయన కళ్లు మూసుకుని కర్పూరం వెలిగిస్తుంటే, అది వేళాకోళమని చెప్పడానికి నోరు రాలేదు. సారు భోజనానికి పోయి ఉన్నాడు. పూజ కాగానే నేనే అన్ని గొట్టాలూ వేలు పెట్టి చూసి, తూటాలన్నీ తీసి పెట్టెలో వేశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్ల అది పద్ధతి అయి కూర్చుంది.

మూడో దసరాకు మా బావ వచ్చి చేరాడు. మా అక్క మొగుడు. తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆ కాంట్రాక్టు పోయి రెండేళ్లు ఊళ్లో మేకలు కాసుకున్నాడు. నేనే సుబేదారు సారు కాళ్లావేళ్లా పడి చేర్పించాను. నెమ్మదైన మనిషి. అట్ట మీద చుక్క పెడితే చుక్కకే కొట్టేవాడు. కడపలో ఒక బ్యాంకు గేటు దగ్గర ఉద్యోగం ఖాయమై, సోమవారం చేరమని కాగితం కూడా వచ్చింది. మా అక్క ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని తిరిగింది.

బావకు ఒకే ఒక అలవాటు ఉండేది. మేకలు కాసేవాళ్లు ఎండకు కట్టె నేల మీద ఆనించరు, చెప్పు మీద ఆనించుకుని నిలబడతారు. బావ తుపాకీనీ అట్లే పట్టేవాడు. గొట్టం మూతి ఎడమ బూటు మీద, రెండు చేతులూ దాని వెనక్కొయ్య మీద. సారు చూసినప్పుడల్లా ఆపించి, గొట్టం ఎప్పుడూ మట్టికట్ట వైపే ఉండాలని చెప్పేవాడు. సారు లేనప్పుడు చెప్పాల్సింది నేను. నేను చెప్పేది, "ఏం బావా, మేకలు యాడికి పొయినాయి?" అని. బావ సిగ్గుపడి తీసేవాడు, అందరూ నవ్వేవాళ్లు. మర్నాడు మళ్లీ అదే. నిజం చెప్పాలంటే ఆ అలవాటు పోతే నాకొక నవ్వు తక్కువవుతుందని నాకు దిగులు.

ఆ దసరాకు సారు కంటి ఆపరేషన్‌కు కర్నూలు పోయాడు. తనిఖీ అంతా నా మీద పెట్టి పోయాడు. "వేలు మర్చిపోవద్దు" అని మాత్రం చెప్పాడు. పూజ జరిగింది. తుపాకులన్నిటికీ ముద్ద పెట్టారు. ఈసారి చుట్టాలూ, కంపెనీ మనుషులూ చాలామంది వచ్చారు. వాళ్లందరి ముందర, చర్చికి పోయేవాణ్ణి, దండలు తీసి గొట్టాల్లో వేలు పెట్టడం మర్యాదగా ఉండదనిపించింది. మర్యాద నాకు ఎప్పుడూ లేదు. ఆ ఒక్క రోజే వచ్చింది.

గది బయట గడప దగ్గర నిలబడి, "అన్నా, తూటాలు తీసినారా?" అని అడిగాను.

"అన్నీ తీసినాలేప్పా" అన్నాడు పెద్దాయన.

అబద్ధం కాదు. వరసలో ఉన్నవన్నీ తీశాడు. అమ్మవారి పటం ముందర విడిగా పెట్టిన తుపాకీ ఒకటి ఉండింది. దీపం కొండెక్కేదాకా దాన్ని కదిలించకూడదని తర్వాత తీద్దామనుకున్నాడు, మర్చిపోయాడు. నేను నా చెవిని నమ్మి, బొరుగుల పొట్లం పట్టుకుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున తుపాకుల కుంకుమ తుడిచే పని శిక్షణకు వచ్చిన నలుగురికి అప్పజెప్పాడు పెద్దాయన. బావ పటం ముందరి తుపాకీ తెచ్చుకున్నాడు. నేను ముప్ఫై అడుగుల అవతల జెండా తాడు విప్పుతున్నాను. తిరిగి చూస్తే బావ తుపాకీ మూతి ఎడమ బూటు మీద పెట్టుకుని, పాత గుడ్డతో తుడుస్తున్నాడు. తుపాకీ మూసి ఉంది.

చూశాను. మూసి ఉన్న తుపాకీ అనీ చూశాను, కాలి మీద ఉందనీ చూశాను. నా దగ్గర ఈల ఉంది. రెండు ఊదితే చేతులన్నీ ఆగిపోతాయి. నేను ఈల ఊదలేదు.

"ఏం బావా, మేకలు యాడికి పొయినాయి?" అని అరిచాను.

బావ తలెత్తి నా వైపు చూసి నవ్వాడు. చెయ్యి తుడుస్తూనే ఉంది. గుడ్డ మీట దగ్గర చిక్కుకుంది.

ఆ గుంతలో చప్పుడు మూడు గోడలకూ తగిలి మూడు సార్లు వినబడుతుంది. అన్నేళ్లు విన్నా ఆ రోజే లెక్కపెట్టాను. నా తువ్వాలతో మోకాలి కింద బిగించి కట్టాను. కంపెనీ జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి పోతుంటే బావ నా ఒళ్లో తల పెట్టుకుని, "అబ్బీ, సోమారం చేరల్ల కదా, వాళ్లకు ఫోన్ చేసి రెండు దినాలు గడువు అడుగు" అన్నాడు. అడుగుతానన్నాను. సాయంత్రానికి ఎడమ కాలు చీలమండ పైదాకా తీసేశారు.

పోలీసులు వచ్చారు, కంపెనీ పెద్దలు వచ్చారు. "తనిఖీ చేసింది ఎవరు?" అంటే, "తీసినామన్నారు సార్" అన్నాను. రాసుకున్నారు. కాపలాదారు అజాగ్రత్త అని తేల్చారు, అంటే మా బావ అజాగ్రత్త. సుబేదారు సారు కంటికి పచ్చగుడ్డ కట్టుకునే వచ్చాడు. నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, ఆ చిటికెన వేలు ఒక్కటీ విడిగా తీసి చూసి, వదిలేశాడు. మళ్లీ పనిలోకి రాలేదు.

నేను మానలేదు. నేను పోతే వేలు పెట్టి చూసేవాడు ఎవడూ లేడన్నది పైకి చెప్పే కారణం. ఇంకెక్కడ పని దొరుకుతుందన్నది అసలుది.

ఈ ఏటి దసరాకు కంపెనీ వాళ్లు గోడకు నిబంధనల బోర్డు తగిలించారు. దాని కిందే పూజ. పోయినసారి అంత జరిగింది కదా, ఈసారి తూటాల మాట ఎత్తరనుకున్నాను. పెద్దాయన పెట్టె తెరిచాడు.

"వద్దన్నా" అన్నాను.

"పోయినతూరి పొరపాటు మనది, పద్ధతిది కాదు కదప్పా. ఈతూరి దగ్గరుండి నేనే తీస్తా. మానేస్తే ఇంకేం కీడు మూడుతాదో. పెద్దల నాటి నుంచి వస్తాండాది."

"ఏ పెద్దలన్నా? ఆ పెద్దను నేనే. నేను ఎగతాళికి చెప్పినా నీకు. దేవుని తోడు, ఈడ అట్లాంటి పద్ధతి ఎప్పుడూ లేదు."

గదిలో పదిహేనుమంది ఉన్నారు. ముందు ఒకడు కిసుక్కుమన్నాడు, అందరూ పకపకా నవ్వారు. "ఈయప్ప ఎక్కడన్నా నవ్విస్తాడబ్బా, దేవుని పటం ముందర కూడా!" అని ఒకాయన నా వీపు మీద చరిచాడు. పెద్దాయన కూడా నవ్వుతూ, "శానా పెద్దోడివిలే, అవతలికి జరుగు" అని తూటా దూర్చాడు.

ఏడుస్తూ చెప్పి ఉంటే నమ్మేవాళ్లేమో. నాకు ఏడుస్తూ చెప్పడం రాదు. పూజ అయ్యాక దండలు తెంపి, ప్రతి తుపాకీ మడిచి, పటం ముందరిది మొదట, రెండేసి గొట్టాల్లో వేలు పెట్టి, మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాను. ఇదేం పిచ్చి అన్నట్టు అందరూ చూశారు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అక్కవాళ్లింటికి పోయాను. బావ గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. ఏడాది నుంచి బావ ఎక్కువ మాట్లాడడు. అడిగితే ఒకటే అడుగుతాడు, ఆ రోజూ అడిగాడు.

"అబ్బీ, తుపాకీలో తూటా పెట్టి పూజ చేసేది మొదట యా పుణ్యాత్ముడు పెట్టింటాడంటావు?"

"నేనే బావా" అన్నాను. "నవ్వులకు చెప్పినా. వాళ్లు నిజమనుకున్యారు."

బావ నా ముఖం చూశాడు. కోపమొస్తుందని, కర్ర ఎత్తుతాడని, ఎత్తితే బాగుండునని ఎదురుచూశాను. బావ నవ్వాడు. మొదట చిన్నగా, ఆ తర్వాత ఒళ్లు కదిలేట్టు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"నీ యవ్వ, దీనికి కూడా ఒకటి దొరికిందేరా నీకు!" అన్నాడు.

"నిజం బావా."

"సాల్లేరా, కడుపు నొప్పి లేస్తాండాది."

లోపలి నుంచి అక్క పిండిచేతులతో పరిగెత్తుకొచ్చింది. ఏమైందోనని వచ్చిన మనిషి, బావ నవ్వడం చూసి వాకిట్లోనే నిలబడిపోయింది. నేను పోయేటప్పుడు వీధి మలుపు దాకా నా వెంట వచ్చి, "సంవత్సరానికి ఈ పొద్దు నవ్వినాడ్రా. ఏం చెప్పినావో ఏమో, వచ్చే వారం కూడా వచ్చి అదే చెప్పు" అంది.