పులుసు మీద మొదటి అభిప్రాయం

ఒక పుస్తకాన్ని చదవకుండానే తీర్పు చెప్పి, ఆ తీర్పు పుణ్యమా అని పదమూడేళ్లు దాన్ని చదవలేకపోయిన మనిషిని నేను. ఇంత తెలివి అందరికీ ఉండదు. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, సర్కారు వర్క్‌షాపులో కొత్త ఉద్యోగం, ఏ విషయం మీదైనా అభిప్రాయం లేదనడం అవమానమనుకునే వయసు. (ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, అభిప్రాయాలు మాత్రం మిగిలాయి.)

అఫ్జల్‌గంజ్‌లో ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. దాని యజమానిని అందరం మామ అనేవాళ్లం. మామకో నియమం ఉంది. ప్రతి పుస్తకం వెనక అట్టకు లోపల తెల్లకాగితం అంటించి ఉంటుంది. దాని మీద అభిప్రాయం రాస్తే తప్ప పుస్తకం వాపసు తీసుకోడు. ఆ దుకాణంలో మమ్మల్నందర్నీ పట్టి ఊపింది ఒక మూడు భాగాల అంతరిక్ష నవల. రెండో భాగం చివర ఓడ కెప్టెనమ్మ మూడు వందల మందితో ఆరిపోతున్న సూర్యుడి నోట్లోకి వెళ్లిపోయింది. మూడో భాగం రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ అంతరిక్షం కన్నా మా నిరీక్షణే పొడుగు. అందరికన్నా ఎక్కువ ఎదురుచూసింది పాలక్క. హుస్సేనీ ఆలంలో మా ఇంటికి పాలు పోసే మనిషి, నాలుగు బర్రెల ఆసామి, పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ మధ్య దొరికే తీరికలో నవలలు చదివేది. కెప్టెన్ బతికి వస్తుందని ఆమె, చస్తేనే గొప్ప సాహిత్యమని నేను, గిన్నె నిండిన తర్వాత కూడా గడపలో నిలబడి వాదించుకునేవాళ్లం.

మూడో భాగం ఒక్కటే ప్రతి వచ్చింది. మొదటి వంతు నాది, తర్వాత పాలక్కది, ఆమె వెనక పెద్ద వరుస. గడువు రెండు రోజులు. సరిగ్గా ఆ రెండు రోజులూ నాకు ఓవర్‌టైం పడింది. చదవలేదని ఒప్పుకుంటే మొదటి అభిప్రాయం రాసే గౌరవం చేజారిపోతుంది. అందుకని రెండో రోజు డ్యూటీ దిగి యాకుత్‌పురా వచ్చే రైల్లో, నిలబడే, చివరి పన్నెండు పేజీలు చదివాను. కెప్టెన్ బతికింది. పేరులేని చిన్న గ్రహం మీద మూడు రాళ్లు పెట్టి, పెద్ద గిన్నెలో చింతపండు పులుసు కాస్తోంది. కథ అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. స్టేషన్ బెంచీ మీదే కూర్చుని రాసి, సంతకం కూడా పెట్టేశాను: “సూర్యుళ్లను దాటిన ఓడ చివరికి చింతపులుసులో మునిగింది. మూడేళ్ల ఎదురుచూపుకు ఇదా విందు?”

ఆ వాక్యం నవల కన్నా బాగా నడిచింది. తర్వాతివాళ్లు ‘మొదటి అభిప్రాయమే నాదీ’ అనీ, ‘పులుసు ఎక్కువ, సరుకు తక్కువ’ అనీ రాస్తూ పోయారు. (కొందరు కాగితం ఒక్కటీ చదివి పుస్తకం అక్కడే పెట్టేశారు.) మామ నన్ను వచ్చినవాళ్లందరికీ ‘మన క్రిటిక్ సాబ్’ అని పరిచయం చేసేవాడు. పాలక్క మాత్రం నా రాత కింద కొంత ఖాళీ వదిలి, మామ నియమం కోసం ‘చదివిన’ అని ఒక్క మాటే రాసింది. పుస్తకం తిరిగిచ్చేసిన మర్నాడు, పాలు పోస్తూ తలెత్తకుండా అడిగింది.

“తమ్మీ, గా పులుసు ఎవలి కోసం వండింది?”

“ఆకలైంది, వండుకుంది. గంతే కదక్కా.”

“ఒక్కదానికి గంత పెద్ద గిన్నె ఎందుకు?”

నేను ప్రతీకలు అన్నాను, శిల్పం అన్నాను. ఆమె చివరి చుక్క దాకా పోసి చెంబు ఎత్తుకుంది. “మూడేండ్లు ఎదురుచూసిన తమ్మీ. అయిపోయినంక నీతోని ముచ్చట పెట్టాలని మస్తు ఆశుండె. ఇప్పుడు ఎవలతోని పెట్టాలె? నీ రాతకింద రెండు లైన్ల జాగ ఇడిచిపెట్టిన. నడుమ చదివినంక నువ్వే రాయి.”

నేను చదవలేదన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మా గిన్నెలో పాలు తగ్గలేదు, గడపలో మాటలు తగ్గాయి. నేను చదువుదామంటే, తాను తీసిపారేసిన పుస్తకాన్నే మళ్లీ ఇమ్మని క్రిటిక్ సాబ్ ఏ ముఖంతో అడుగుతాడు? దుకాణానికి వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకమున్న అర వైపు చూడకుండా ఉండటం ఒక పనైపోయింది. తర్వాత ఇల్లు మారాం, పాలు ప్యాకెట్లయ్యాయి.

పోయిన ఏడాది మామ దుకాణం ఎత్తేస్తూ పాతవాళ్లను తలా ఒక పుస్తకం తీసుకొమ్మన్నాడు. ఏది తీసుకున్నానో చెప్పక్కర్లేదు. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. సరిగ్గా నడుమ, ఓడలోని ముసలి వంటవాడు చనిపోతూ కెప్టెన్ దగ్గర మాట తీసుకుంటాడు, కాలు నేలమీద పడిన రోజు అందరికీ ఒక్క పూట పులుసు పొయ్యమని. నేల దొరికేసరికి మిగిలింది నలభై మంది. ఆమె గిన్నె మాత్రం మూడు వందల మందికి సరిపడేదే పెడుతుంది. చివరి పన్నెండు పేజీలూ ఈసారి కూర్చునే చదివాను. కళ్లజోడు మసకబారింది. (పులుసు ఆవిరి అనుకోండి.)

ఆ ఆదివారమే హుస్సేనీ ఆలం వెళ్లాను. పాలక్క జుట్టు తెల్లబడింది, ఒక్క బర్రె మిగిలింది. చేతిలో పుస్తకం చూసి, బాగున్నావా అని కూడా అనకుండా, “ఎవలి కోసం వండింది?” అంది. చెప్పాను. గిన్నె సంగతీ చెప్పాను. చాయ్ చల్లారి తొరక కట్టేదాకా ముచ్చట పెట్టుకున్నాం. తర్వాత ఆమె ఎదురుగానే వెనక అట్ట తెరిచి, ఆ రెండు లైన్ల జాగాలో రాశాను: “పై అభిప్రాయం రాసినవాడు ఈ పుస్తకం చదవలేదు. వాణ్ని నేను బాగా ఎరుగుదును. వాడి మాట నమ్మకండి.”

“సంతకం పెట్టవా?” అంది పాలక్క.

పెట్టాను. పైన ఉన్నది ఇరవై రెండేళ్లవాడి సంతకం, కింద గీత పొగరుగా సాగి ఉంది. నాది గీత లేకుండా, మిగిలిన జాగాలో ఇరుక్కుంది. అయినా వాడు తిరిగి ఒక్క మాట అనలేకపోయాడు.