పక్క పేజీ

ఆమెకు ఎలుకల డాక్టరమ్మ అని పేరు పెట్టింది బావ. ఎనిమిదేళ్ల పాటు ఎలుకల కండరాలు కోసి, గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపుకు కళ్లు అంటించుకుని కూర్చున్న మరదలిని ఇంకేమంటాడు పాపం! "మా మరదలు డాక్టరే. కానీ జ్వరమొస్తే మాత్రం దగ్గరికెళ్లకండి, ముందు తోక ఉందేమో చూస్తుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. అక్కావాళ్లింట్లో చివరి గది ఆమెది. ఒక మంచం, ఒక బీరువా, కిటికీ కింద బల్ల, బల్ల మీద వరుసగా గట్టి అట్టల నోటుపుస్తకాలు.

ఆ పుస్తకాల సంగతి చెప్పాలి. ల్యాబులో ఆమెకు గైడుగా ఉన్న మాస్టారికి ఒక చాదస్తం ఉంది. పుస్తకం తెరిస్తే కుడి పేజీలో చూసిందీ విన్నదీ మాత్రమే ఉండాలి, అక్షరం పొల్లు పోకూడదు. నువ్వేమనుకుంటున్నావో అదంతా ఎడమ పేజీలో రాసుకో. రెండూ కలగాపులగం చేశావో, ఆ రోజు పని మళ్లీ మొదటికొచ్చినట్టే. "నీ అభిప్రాయం కావాల్సినవాడు పక్కకి చూసుకుంటాడు లేమ్మా, నువ్వు కుడి పేజీ పాడుచెయ్యకు" అనేవారు. మొదటి ఏడాది లోలోపల తిట్టుకుంది. రెండో ఏడాదికి అలవాటైంది. ఆ తర్వాత కూరగాయల చీటీ కూడా అలాగే రాసేది.

మాస్టారికి ఇంకో జబ్బు కూడా ఉండేది. చచ్చినా దేన్నీ పొగిడేవారు కాదు. తిండీ నిద్రా మానుకుని నెలల తరబడి చేసిన ప్రయోగం తెచ్చి చూపిస్తే "ఊఁ, తీసిపారెయ్యడానికి లేదు" అనేవారు. ఆ మాత్రం మాట దక్కినవాళ్లు ల్యాబులో అందరికీ టీలు ఇప్పించేవాళ్లు. ఇక "ఇప్పుడే చెప్పలేను" అన్నారంటే పండగే. ఆమెకు తెలిసి ఆయన ఆ మాట అన్నది రెండేసార్లు. మొదటిసారి, కండరాలు కరిగిపోయే జబ్బుతో పుట్టిన ఎలుకలు, వీళ్లు తయారుచేసిన మందు వేశాక, కింద పడకుండా తీగ పట్టుకుని వేలాడిన రోజున. రెండోసారి ఎప్పుడో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ మందును ఒక కంపెనీ తీసుకుని, అదే జబ్బున్న పిల్లలకు ఇచ్చి చూడటం మొదలుపెట్టింది. ఈలోగా ల్యాబులో ఆమె తాత్కాలిక ఉద్యోగానికి మూడో పొడిగింపు కూడా అయిపోయింది. నాలుగోది లేదన్నారు. వయసు ముప్పై నాలుగు. పెట్టిన దరఖాస్తులకు సగం మంది లేదన్నారు, మిగతా సగం మంది ఆ ముక్క కూడా అనలేదు. ఆఖరికి మందుల కంపెనీలకు సలహాలిచ్చే సంస్థ ఒకటి పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆరు నెలలు చూస్తాం, పనికొస్తే ఖాయం చేస్తాం అన్నారు. మాస్టారికి చెప్పడానికి వెళితే ఆయన తల కూడా ఎత్తలేదు. "వెళ్లు. ఎక్కడున్నా కుడి పేజీ శుభ్రంగా ఉంచుకో" అన్నారు. అంతే.

కొత్త ఆఫీసులో ఎటు చూసినా అద్దాలే. ఎవరికీ సొంత బల్ల లేదు, పొద్దున్నే వెళ్లి ఖాళీ ఉన్న చోట కూర్చోవాలి. ఏ వాసనా లేదు. ఎనిమిదేళ్లు స్పిరిట్టు వాసనలో నానిన మనిషికి అదే పెద్ద వెలితి. నెల తిరక్కుండానే అక్కడా ఒక పేరొచ్చింది, ఫుట్‌నోటు అని. ఆమె ఏ స్లైడు చేసిచ్చినా అడుగున సన్నని అక్షరాల్లో 'అయితే', 'కానీ', 'ఈ లెక్క ఇరవై మందిని చూసి వేసినదే' అంటూ చీమల బారు ఉండేది మరి. 

మేనేజరు చెడ్డవాడేం కాదు. అతనూ ఒకప్పుడు కప్పలు కోసినవాడే. "నీ బాధ నాకు తెలుసు. కానీ అవతల కూర్చున్న పెద్దమనుషులకి ఉండేది పది నిమిషాలు. మందు పక్కన పెట్టే చుక్క ఎరుపా, పసుపా, పచ్చా, అదొక్కటే కావాలి వాళ్లకి. ఈ చీమలు కాదు" అనేవాడు. ఐదో నెలలో పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. "ఈ ప్రాజెక్టు సాఫీగా చేశావంటే ఉద్యోగం ఖాయం. మళ్లీ ఫుట్‌నోట్లు మొదలెట్టావో, నిన్ను నేను కాపాడలేను."

ఆ ప్రాజెక్టే కొంప ముంచింది. ఒక కంపెనీ దగ్గర మూడు మందులున్నాయి, రెండే ఉంచుకుంటుందట. దేన్ని ఆపెయ్యాలో వీళ్లు తేల్చాలి. జాబితా తెరిచి చూసింది. మూడోది మాస్టారి ల్యాబులో తయారైన మందే! ఆమె ఏం చదివిందో మేనేజరుకు తెలుసుగానీ, ఎవరి దగ్గర చదివిందో ఎన్నడూ అడగలేదు. 'ఇందులో నాకు సంబంధం ఉంది, నన్ను తప్పించండి' అని చెప్పాలి, అక్కడి నియమం కూడా అదే. అతని గది దాకా వెళ్లింది కూడా. తప్పిస్తే ఖాయం మాట మళ్లీ ఎప్పటికో! పైగా నేనుంటేనే కదా ఆ మందుకు న్యాయం జరిగేది అని తనకు తనే సర్దిచెప్పుకుని వెనక్కి తిరిగింది. ఇలాంటి సమయాల్లో మనసుకు ఎంత మంచి కారణాలు దొరుకుతాయో!

నిపుణులతో ఫోన్లు మొదలయ్యాయి. సంస్థ పద్ధతి ఏమిటంటే, మేనేజరు తన గదిలోంచి మాట్లాడతాడు, కిందివాళ్లు వేరే గదుల్లో మైకు మూసుకుని రాసుకుంటారు. వింటున్నది ఎవరో అవతలివాళ్లకు తెలియదు. మూడో ఫోను మాస్టారికి. ఆ గొంతు వినగానే, ఒక్క మనిషి పట్టే ఆ అద్దాల పెట్టెలో ఆమె వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

"పద్నాలుగు మంది పిల్లల్లో తొమ్మిది మందికి మెట్లెక్కే ఓపిక తగ్గకుండా నిలబడింది కదండీ. మీ మందు పనిచేస్తుందని నమ్ముతున్నారా?" అని మేనేజరు అడిగాడు.

ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ ఫ్యాను ఆమెకు తెలుసు, దానికి ఒక రెక్క వంకర.

"ఇప్పుడే చెప్పలేనండి" అన్నారు మాస్టారు. "తీసిపారెయ్యడానికైతే లేదు. ఇంకో ఏడాది చూడాలి."

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదండీ, సంతోషంతో! రెండు మాటలూ ఒక్క గుక్కలో ఆయన నోట ఎవరు విన్నారు కనక? వేలు మైకు బొత్తాం మీదికి వెళ్లింది. నొక్కి, 'ఆయన లెక్కలో దీన్ని మించిన మెప్పు లేదు' అంటే చాలు. కానీ అలా అంటే తనెవరో బయటపడుతుంది, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు. వేలు బొత్తాం మీదే ఉండిపోయింది. అవతల మేనేజరు "థాంక్యూ సార్" అని ఫోను ముగించాడు.

ఒళ్లో ఉన్న నోటుపుస్తకంలో కుడి పేజీలో ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసింది. ఎడమ పేజీలో తన మాట రాసింది. ఆఫీసు ఫైలుకు కుడి, ఎడమలు లేవు. ఒకటే గడి ఉంది, 'నిపుణుడు ఏమన్నారు' అని. అందులోకి కుడి పేజీ ఎక్కించింది. ఎడమ పేజీ సంగతి మేనేజరుకు రేపు నెమ్మదిగా చెబుదాంలే అనుకుంది. మర్నాడు అతను ఊళ్లో లేడు. ఆ మర్నాటికి స్లైడు తయారైపోయింది. పైన లావుపాటి అక్షరాలతో 'తయారుచేసిన వ్యక్తికే నమ్మకం లేదు' అని ఉంది. పక్కన ఎర్ర చుక్క. 

"శభాష్, ఒక్క ఫుట్‌నోటు లేదు!" అన్నాడు మేనేజరు. అప్పుడైనా చెప్పొచ్చు. నవ్వి తన చోటికి వెళ్లిపోయింది.

ఉద్యోగం ఖాయమైంది. "ఇక ఎలుకలకి విముక్తి" అని బావ చప్పట్లు కొట్టాడు. "ఇన్నాళ్లకి కుదురుకున్నావే, నాకది చాలు" అని అక్క కళ్లు తుడుచుకుంది. ఆమె మాత్రం కంచం సగంలో వదిలి లేచింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున మాస్టారు ఫోన్ చేశారు. ఆదివారాలు కూడా ల్యాబుకు వెళ్లే మనిషి, వెనకాల అదే ఫ్యాను.

"ఏమ్మా, బాగున్నావా? మన మందు ఆపేశారు" అన్నారు. "పిల్లల ఇళ్లకి ఉత్తరాలు కూడా వెళ్లిపోయాయి. ఏడేళ్ల పిల్ల ఉంది చూడు, మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో మిగిలిన సీసా రోజూ కొంచెం తగ్గించి పోస్తే ఇంకెన్నాళ్లొస్తుందని అడుగుతోంది. ఏం చెప్పను?"

ఆమె బల్ల మీది పుస్తకాల వైపు చూసింది.

"ఎవరో సలహాదార్లట. కాగితం మీద నా మాటే చూపించారు. నేనన్నదే, కాదనను. ఎవరు రాశారోగానీ అక్షరం పొల్లు పోలేదు, మంచి చోట నేర్చుకున్నవాళ్లే అయ్యుంటారు. కానీ నేనన్నదానికి అదా అర్థం? నువ్వూ ఆ పనిలోనే ఉన్నావు కదా, ఇంకెలా చెప్పాల్సిందంటావు?"

"ఆ రాసింది నేనే సార్."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"పక్క పేజీలో ఏం రాశావు?" అని అడిగారు మాస్టారు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి పుస్తకం తెరిచింది. ఉన్నది ఉన్నట్టు చదివింది. "సార్ దేన్నీ ఇంతకంటే గట్టిగా నమ్మరు. దీనికి పచ్చ చుక్క పెట్టాలి."

"ఎవరికి చూపించావు?"

"ఎవరికీ చూపించలేదు సార్."

"సరిగ్గానే రాశావమ్మా" అని ఆయన ఫోను పెట్టేశారు.