ద్వారబంధం మీద గీతలు

బావకు గురుగ్రామ్ ఆఫీసుకి బదిలీ అయిన రోజే విజయవాడ నుంచి అక్క ఫోన్ చేసింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదే, ఇల్లు చూసిపెట్టు. పాపకి మంచి స్కూలు ముఖ్యం. మిగతాది ఎలా ఉన్నా సర్దుకుంటాం."

నాకు తెలిసిన ఢిల్లీ అంటే సాకేత్‌లో నా అద్దెగది, పావుగంట దూరంలో ఆఫీసు, మధ్యలో ఒక పాత పుస్తకాల కొట్టు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఏమనాలో ముందు డైరీలో రాసుకునేదాన్ని. కాదనడం అంతకంటే కష్టం. సరేనన్నాను.

ఇక్కడ నర్సరీ సీటుకి పాయింట్లుంటాయి. బడికి ఇల్లు ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ. అందుకని బడిని ఎంచుకున్నాకే దాని చుట్టూ ఇల్లు వెతుకుతారు. బావ ద్వారకలో పేరున్న స్కూలు ఒకటి చూసి, మ్యాపు మీద దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పంపాడు. "మరదలు గారూ, ఈ గీత దాటి ఒక్క అడుగు కూడా వేయొద్దు" అని కింద రాశాడు.

డిసెంబరులో ఒక ఆదివారం మఫ్లర్ చుట్టుకున్న ప్రాపర్టీ డీలర్ ఒకాయన నన్ను ఆ సున్నా లోపలి అపార్ట్‌మెంట్ల సొసైటీకి తీసుకెళ్లాడు. పొగమంచులో నాలుగో అంతస్తు పైన భవనం కనిపించలేదు. పదకొండు గంటలైనా పార్కులో ఒక్క పిల్ల లేదు. ఉయ్యాల పలకల మీద మంచు నీళ్లు చెదరకుండా ఉన్నాయి. కింద పోస్టు డబ్బాల మీద మాత్రం ఒక్కటీ ఖాళీ లేకుండా పేర్లున్నాయి. రెండో అంతస్తుకి మెట్లెక్కుతుంటే ఏ ఇంట్లోంచీ కుక్కర్ కూత వినపడలేదు.

ఫ్లాటులో మూసిపెట్టిన వాసన. వంటింటి గోడ మీద ఒక్క నూనె చుక్కయినా లేదు. పడకగది ద్వారబంధం మీద పెన్సిలు గీతలు చూసి ముచ్చటేసింది. మా ఇంట్లోనూ అమ్మ మమ్మల్ని అలాగే నిలబెట్టి కొలిచేది. దగ్గరికెళ్లి లెక్కపెట్టాను. తొమ్మిది గీతలు, తొమ్మిది పేర్లు. పిల్లలున్న ఇంట్లో గీతలు ఏటేటా మెట్లలా పైకెక్కుతాయి. ఇక్కడ అన్నీ నా నడుముకి కొంచెం పైన జానెడు జాగాలో ఇరుక్కుని ఉన్నాయి. ఏ పేరూ రెండోసారి లేదు.

"ఎవరంకుల్ వీళ్లంతా?"

"అడ్మిషన్ వాలే బచ్చే, బేటా!" ఆయన నవ్వాడు. "సీటు కోసం వచ్చిన పిల్లలు. అగ్రిమెంట్ ఇక్కడ, కాపురం గురుగ్రామ్‌లో. ఏడాదికి ఒకళ్లు. చెకింగ్‌కి వచ్చేవాళ్లకి ఇల్లులా కనిపించాలి కదా. టైమొచ్చినప్పుడు మీరూ ఒకటి గీయండి."

బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను. "ఇక్కడ ఎవరూ ఉండరే. నాకేదోలా ఉంది."

బావ ఫోన్ లాక్కున్నాడు. "ఉండమని ఎవరన్నారు? మనం ఆఫీసు పక్కనే ఉంటాం, స్కూలు బస్సు వస్తుంది. ఊరంతా చేసేదే."

తరవాత అక్క మెల్లగా అంది: "ఈ సీటు పోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలీదే. దాని చదువు విషయం. నువ్వు మాత్రం పాడుచెయ్యకు."

బావ పేరు మీద అగ్రిమెంట్ అయిపోయింది. జనవరిలో స్కూలు వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారన్న రోజు సెలవు పెట్టాను. డీలర్ ఒక సంచీ ఇచ్చాడు. అందులో చిన్న బూట్లు, చిన్న బ్రష్షు, నీళ్ల సీసా, క్రేయాన్లతో వేసిన ఇంటి బొమ్మ. బొమ్మ మూలల్లో పాత టేపు మరకలు. బూట్ల మడమలు ఒక వైపే అరిగాయి. అలా ఒరిగి నడిచిన పిల్ల ఇప్పుడెక్కడుందో.

అన్నీ సర్ది అక్కని పాప ఎత్తు అడిగాను.

"తొంభై ఆరు సెంటీమీటర్లు. ఎందుకే?"

"ఊరికే."

గీత గీసి పక్కన పాప పేరు రాశాను. అది ఆ తొమ్మిదింటి మధ్యలో కలిసిపోయింది.

లిఫ్టు కదిలినప్పుడల్లా పై ఇంట్లో ఫోన్‌లోంచి పిల్లల పాట మొదలయ్యేది. లిఫ్టు వెళ్లిపోగానే ఆగిపోయేది. బాల్కనీలోకి వెళ్లాను. ఎదుటి బ్లాకులో నా వయసమ్మాయి తీగ మీద చిన్న గౌను ఆరేస్తోంది. గౌనులోంచి ఒక్క చుక్క కూడా రాలలేదు. ఆమె వెనక గుమ్మం దగ్గర రెండు చిన్న బూట్లు. ఆమె చూపు నా మీంచి నా వెనకున్న బూట్ల మీదికి వెళ్లింది. ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం.

లోపలికొచ్చి తలుపు చప్పుడు కాకుండా మెల్లగా మూశాను. ఎందుకలా మూశానో ఒక నిమిషం ఆగాక తెలిసింది. పాప నిద్రలేస్తుందని.

మధ్యాహ్నం స్కూలు నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి, శాలువా, చంకలో రిజిస్టరు. బూట్లకేసి చూసీ చూడనట్టు చూసి, నేరుగా ద్వారబంధం దగ్గరికెళ్లి నా గీత మీద వేలు పెట్టింది.

"ఈ ఇంట్లో పిల్లలు ఇంతకు మించి పెరగరు మేడమ్. ఏళ్లుగా చూస్తున్నా." హిందీలో అని, తనే నవ్వుకుని రిజిస్టరు తెరిచింది. "పాప ఇక్కడే ఉంటోంది కదా? రాసేయనా?"

అవునంటే చాలు. సీటు వస్తుంది, అక్క సంతోషిస్తుంది. కానీ ఆమె వేలింకా పాప పేరు మీదే ఉంది.

"లేదు మేడమ్. విజయవాడలో ఉంది."

ఆమె మొదటిసారి నా మొహం చూసింది. "పక్కా?"

"పక్కా."

ఏదో రాసుకుని వెళ్లిపోయింది. లిఫ్టు కదిలింది. పైన పాట మొదలైంది.

వచ్చేముందు పాప గీత రబ్బరుతో చెరిపేశాను. నలుపు పోయింది కానీ, గోరుతో తడిమితే గాడి తగిలింది.

సీటు రాలేదు. బావ నన్ను "సత్యసంధురాలు గారూ" అని ఏడిపించాడు. అక్క రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్లు ద్వారకలోనే వేరే సెక్టారులో ఉంటున్నారు. వెనక సందులో ఒక మామూలు బడి. మెట్ల మీద పొద్దస్తమానం పిల్లల గోల. బావ సణుక్కుంటూ మెట్రోలో గురుగ్రామ్ వెళ్తాడు.

దిగిన రోజే వాళ్ల ద్వారబంధం మీద పాపకి గీత గీశాను. దీపావళికి వెళ్లినప్పుడు మళ్లీ నిలబెట్టి తల మీద పుస్తకం ఆన్చాను. పుస్తకం సరిగ్గా పాత గీత మీదే ఆగింది. తీసి మళ్లీ ఆన్చాను. అక్కడే ఆగింది.

"ఒసేయ్, మోకాళ్లు వంచకే! పిన్నిని ఏడిపించకు" అని వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఠీక్ హై, ఠీక్ హై" అంటూ పాప నిటారుగా నిలబడింది. పుస్తకం రెండు వేళ్లు పైకి లేచింది. గీత గీశాను. తరవాత కింద కూర్చుని, దాని మడమలు రెండూ నేలకి ఆనాయో లేదో చేత్తో తడిమి చూశాను.

"పిన్నీ, ఫిర్ సే?" అంది పాప.

"ఇంకొక్కసారి" అన్నాను.