గిలక్కాయకు ఇద్దరి కూలి

పుంగనూరులో హనుమంతప్ప ఇంటి వసారాలో కట్టెను తిప్పే మరలు రెండున్నాయి. మూడేళ్ల కిందట కొన్నది మోటారు మర. మంచం కోళ్లు, ఉయ్యాల కమ్మీలు దాని మీద తయారవుతాయి. రెండోది వాళ్ల నాయన నాటి తాడు మర. గిలక్కాయ లోపలంతా డొల్ల, మోటారు వేగానికి పగిలిపోతుంది. అందుకని గిలక్కాయలన్నీ తాడు మర మీదే. ఎదురుగా ఒకరు కూర్చుని కట్టెకు చుట్టిన తాడును అటూ ఇటూ లాగుతుండాలి, ఇంకొకరు ఉలి పట్టాలి. ఉలి హనుమంతప్పది. తాడు ఆయన భార్య సిద్ధమ్మది, పెళ్లయిన ఏడాది నుంచీ.

ధర చెప్పడం ఆయనకు చేతకాని పని. మదనపల్లె సంతలో కొనేవాళ్లే ఒక మాట అనేవాళ్లు, ఈయన తల గోక్కుని సరేననేవాడు. అట్లాంటి మనిషికి కుప్పం నుంచి నీలిమ అనే ఆమె ఫోన్ చేసింది. చిన్నపిల్లల బడి నడుపుతోందట. రెండు వందల గిలక్కాయలు కావాలంది, పద్నాలుగు వేలకు మించి ఇచ్చుకోలేనంది. ఒక్కోదానికి దేనికెంత పడుతుందో కాగితం మీద రాసి తెమ్మంది, పిల్లల తల్లిదండ్రులకు చూపించాలట. అంత పెద్ద బేరం ఆయన బతుకులో అదే మొదలు.

పొద్దున్నే కూర్చుని రాశాడు. కట్టె పన్నెండు, లక్క ఆరు, కరెంటు మూడు, బస్సుకు నాలుగు, చేతి కూలి నలభై అయిదు. వెరసి డెబ్బై. రెండు వందలకు సరిగ్గా పద్నాలుగు వేలు. సంబరపడి సిద్ధమ్మకు చదివి వినిపించాడు.

ఆమె చేటలో రాళ్లేరుతూ వింది. "గిలక్కాయను మోటారు మీద ఎప్పుడు పట్టినావు?" అని అడిగింది.

పట్టలేదన్నాడు.

"మరి కరెంటుకు యాల రాస్తివి? తిప్పేది నేను గదా."

హనుమంతప్ప కాగితం మళ్లీ చూసుకున్నాడు. ఏ సామానుకైనా కరెంటు రాయడం మోటారు వచ్చినప్పటి నుంచి అలవాటు. మోటారు రాకముందు ఆ చోట ఏం రాసుకునేవాడో గుర్తు చేసుకోబోయాడు. ఏమీ రాసుకోలేదు. ఇంటి మనిషికి కూలేంది, లోకం నవ్వదా అని గొణిగాడు. ఉలి పట్టేదే పని, తాడుదేముంది, ఎవరు లాగినా తిరుగుతుందని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

సిద్ధమ్మ చేట పక్కన పెట్టి లేచింది. పోయి ఉలి వైపు కూర్చుంది. "రాప్పా, నువ్వు లాగు సూద్దాం."

నవ్వుతూనే తాడు పట్టుకున్నాడు. నాలుగు లాగుళ్లకే కట్టె ఎగిరిపడింది. ఉలి తగిలే చప్పుడు విని లాగమంది, నున్నగా వచ్చేటప్పుడు సన్నగా, డొల్ల తీసేటప్పుడు ఆగి ఆగి. ఆమె చెప్పేదాకా అట్లా ఒకటుంటుందని ఆయనకు తెలియదు. కాసేపటికి భుజం పీకింది. అయినా ఆపలేకపోయాడు, ఎందుకంటే అవతల ఆమె చేతిలో గిలక్కాయ మెడ దిగుతోంది. పొట్టు సన్నటి రిబ్బన్లా లేస్తోంది. మెడ కొంచెం వంకర పోయింది, డొల్ల మాత్రం పగల్లేదు. ఆయన మొదటి గిలక్కాయలు ఆరు పగిలాయి, వాళ్ల నాయన చేత తన్నులు తిన్నాడు.

"యాడ నేర్చినావు?" అన్నాడు.

"నీ ఎదురుగానే గదా కూసోని ఉండాను పంతొమ్మిదేండ్లు. కండ్లు మూసుకోని లాగలేదే."

ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు. చివరికి కాగితంలో కరెంటు కొట్టేసి, ఆ చోట 'తాడు కూలి' అని రాశాడు. ఎంత వేయాలో తోచలేదు. పది వేసి కొట్టేశాడు, ఇరవై వేసి కొట్టేశాడు. వంకర మెడ గిలక్కాయను ఒకసారి ఆడించి చూసి, నలభై అయిదు వేశాడు. ధర నూట పన్నెండయింది. బేరం పోయినట్టే అనుకున్నాడు.

మరుసటి రోజు బస్సెక్కి కుప్పం పోయి, తలెత్తకుండా కాగితం ఇచ్చాడు. నీలిమ రెండుసార్లు చదివింది. ఈ తాడు కూలి ఎవరికని అడిగింది. ఇంట్లో ఆమెకని చెప్పేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన దగ్గర ఉండేది పద్నాలుగు వేలేనని, డబ్బు పెంచలేను గానీ గిలక్కాయల లెక్క తగ్గించుకుంటానని, నూట ఇరవై అయిదు చేసిమ్మని అంది. ధర మీద ఒక్క మాట బేరమాడలేదు. అది కూడా ఆయనకు మింగుడుపడలేదు. ఇన్నేళ్లూ నోరు తెరిచి అడగనిది తనేనా?

పని మొదలైన రోజు, ఎండ వసారాలోకి వచ్చే వేళకు సిద్ధమ్మ తాడు వదిలేసి గోడకు చేరగిలబడింది. ఏమైందన్నాడు.

"ఏం మేస్త్రీ, కూలోళ్లకు పదకొండుకు టీ ఇస్తారని తెలీదా?"

హనుమంతప్ప ఉలి కింద పెట్టి, వంటింట్లోకి పోయాడు. కాసేపటికి లోపలి నుంచి, చక్కెర డబ్బా యాడుండాదని అడుగుతున్న గొంతు వినిపించింది.